ఆ భయాన్ని కొట్టిపారేయకండి

2025లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేసిన జొహ్రాన్ మమ్దానీ గురించి ఒక వ్యాసం చదివాను. న్యూయార్క్ యూదులంతా ఆయనకు వ్యతిరేకమన్నట్టు ఉంది అది. ఆ మాట నిజం కాదు. డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే 2025 ప్రైమరీలో పోటీదారుడై ఉండి కూడా ఆయనతో చేతులు కలిపి, తన ఓటర్లను రెండో ప్రాధాన్య ఓటు ఆయనకు వేయమన్న బ్రాడ్ ల్యాండర్ యూదుడే.

అలాగని ఆయనంటే భయపడే యూదులను తప్పుపట్టలేం. 2018లో పిట్స్‌బర్గ్‌లోని సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ప్రార్థనకు వచ్చిన 11 మందిని కాల్చి చంపారు. అది మరవని మనిషికి ‘గ్లోబలైజ్ ది ఇంతిఫాదా’ (ఇజ్రాయెల్‌పై పాలస్తీనియన్ల తిరుగుబాటును ప్రపంచమంతా వ్యాపింపజేయండి) అన్న నినాదం వింటే గుండె దడ పుట్టదా? మమ్దానీ ఆ నినాదం ఇవ్వలేదు, కానీ ఖండించమంటే మొదట ఖండించలేదు. వాడొద్దని చెబుతానని తర్వాతెప్పుడో అన్నారు. ఆ ఆలస్యమే నన్ను బాధించింది, గాజా ప్రజల పక్షాన ఆయన మాట్లాడటం కాదు. ద్వేష నేరాల నివారణకు నిధులు 800 శాతం పెంచుతానన్న హామీ కూడా ఇచ్చారు. దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా రాయాల్సింది.