కిటికీ కుండీలోని కొత్తిమీర గారికి

మహారాజశ్రీ కొత్తిమీర గారి దివ్య సముఖమునకు, హైదరాబాదులో నాలుగో అంతస్తు వంటింటి యజమానురాలు అనేక నమస్కారములతో వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. చిరంజీవి అని సంబోధిద్దామనుకున్నాను గానీ, మీ ఆయుష్షు చూశాక కలం ఆడలేదు.

మీ రాక కోసం కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, వేపపిండి తెప్పించాం. మట్టిని సంచుల లెక్కన డబ్బు పోసి కొన్నాం. ఈ సంగతి ఊళ్లో వ్యవసాయం చేసే మా పెదనాన్నగారికి తెలియనివ్వవద్దని మనవి. ఒక్కో ధనియంలో రెండు విత్తులుంటాయని, నలిపి బద్దలు చేస్తేగానీ తమరు సులువుగా లేవరని తెలిసి, గుడ్డ పరిచి చపాతీ కర్రతో సుతారంగా ఒత్తాను. గట్టిగా ఒత్తితే ధనియాల పొడి, మెల్లగా ఒత్తితే ధనియాలే. రాత్రంతా నానబెట్టాను. తల్లివేరు గల వంశం, చోటు మారిస్తే అలుగుతారు కనుక నారు పోయకుండా నేరుగా కుండీలోనే అర అంగుళం లోతున విత్తాను.

ఆపైన మీరు మౌనవ్రతం పట్టారు. తొందరేమీ లేదు లెండి. 1922లో బయటపడ్డ ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో మీ పూర్వీకులు కూడా దొరికారట. 3,200 ఏళ్లకు పైగా చీకట్లో కదలకుండా పడుకున్న వంశానికి రెండు మూడు వారాలు ఒక లెక్కా!

చివరకు వచ్చారు. చీలిన ధనియపు పెంకును నెత్తిన కుళ్లాయిలా పెట్టుకుని, నడుము వంచి, ఆనక రెండు సన్నని పొడుగాటి ఆకులు విప్పారు. చూసినవాళ్లంతా గడ్డి అన్నారు. అంచున నొక్కులున్న అసలు ఆకు వచ్చేదాకా మీ తరఫున వకాల్తా పుచ్చుకున్నది నేనొక్కదాన్నే.

అక్కడి నుంచి మీ ధ్యాసంతా కిటికీ మీదే. ఎదుటి అపార్టుమెంటు గోడకు తగిలి వచ్చే కాస్త వెలుతురు కోసం, దారపు పోగంత కాడతో సాగి సాగి, అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డారు. కుండీని ఇటు తిప్పితే మీరు అటు తిరిగారు. మీ పొడవు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. వాపును చూసి బలుపనుకోవడం మా ఇంటి ఆచారం. ఆ తర్వాత ఎండకు బదులుగా మొక్కలకు పెట్టే ఊదారంగు దీపం కొన్నాం. దాన్ని చూసి ఎదురింటివారు మేమేదో క్షుద్రపూజ మొదలుపెట్టామని అనుమానించారు. ఆ దీపం ఖరీదుకు ఎన్ని కట్టల కొత్తిమీర వచ్చేదో ఎవరూ లెక్క వేయరాదని ఇంట్లో తీర్మానించుకున్నాం.

దాహమేమోనని అత్తగారు ఒక చెంబు, తన వంతుగా మా ఆయన ఒక చెంబు పోశారు. మట్టికి ఆనిన చోట కాడలు నల్లబడి, నొక్కుకుపోయి, తెల్లవారేసరికి మీలో సగం మంది సాష్టాంగపడ్డారు. దీన్ని రైతులు నారుకుళ్ళు అంటారు. మా ఇంట్లో అయితే ప్రేమ అంటారు.

మిగిలినవారైనా నిలిచారా? మార్చి వేడి తగలగానే మధ్యకాడ లేపి, ఆకులు సన్నగా చీల్చుకుని, తెల్లని పూల గుత్తులు పెట్టారు. చారులోకి రెండు రెబ్బలు అడిగితే పూలు చూపించారు.

అసలు బాధ ఇది కాదు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నల్లరేగడి చేలలో మీరెంత బుద్ధిగా ఉంటారో నాకు తెలుసు. అక్టోబరు, నవంబరుల్లో విత్తితే నేలలో మిగిలిన పదునుతో, రాత్రి కురిసే మంచుతో, ఒక్క తడి అడగకుండా పండుతారు. గుంటూరు దగ్గరి లాం ఉద్యాన పరిశోధన కేంద్రం వారు మీలోని రకాలకు సుధ, సురుచి, సుస్థిర అని ముచ్చటగా పేర్లు పెట్టారు. మా కిటికీలో మీరు చూపిన నిలకడ చూస్తే ఆ చివరి పేరు పెట్టినవారు ఏమంటారో!

పోనీ, ఊరి నేల వేరు అనుకుందాం. మా భవనం కిందే, ఎవరో ఎండబెట్టిన ధనియాలు జారిపడ్డ తూము పక్కన, సిమెంటు పగులులో మీవాళ్లు గుబురుగా ఉన్నారు. వారికి కొబ్బరిపొట్టు లేదు, దీపం లేదు, చెంబు పట్టుకుని తిరిగే అత్తగారు లేరు. వాచ్‌మన్ భార్య రోజూ వెళ్లి పచ్చడికి తుంచుకుంటుంది. నేను నాలుగో అంతస్తు నుంచి చూస్తూ ఉంటాను.

ఒకప్పుడు కూరగాయలు కొంటే కరివేపాకుతో పాటు కొసరుగా సంచిలో పడేవారు మీరు. ఎవరూ అడిగేవారు కాదు, పొగిడేవారు కాదు. ఇప్పుడు కట్టకు ధర కట్టగానే, మేము కుండీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. బహుశా మీకు నెత్తికెక్కింది అక్కడే.

కనుక ఇందుమూలముగా తెలియజేయునది: ఈ ఎండాకాలం కుండీ ఖాళీ. అక్టోబరులో మళ్లీ పిలుస్తాం. ఈసారి వంటింటి కిటికీ కాదు, ఎండ పడే బాల్కనీ మూల. దీపం అమ్మకానికి పెట్టాం. చెంబు అత్తగారికి అందకుండా అటక మీద పెట్టాం. ఈ లేఖకు మీ జవాబు ఆకుల రూపంలోనే ఉండాలి. పూలతో వచ్చే జవాబులు స్వీకరించబడవు.

ఇట్లు,
మీ కట్ట ధర రోజూ విచారించే
వంటింటి యజమానురాలు