ప్రింటరుకు ఓటీపీ చెప్పేదెవరు?

ఏ ఆఫీసులోనైనా నోరు మెదపని నమ్మినబంటు ఎవరంటే, మూలనున్న ప్రింటరే. స్కాన్ చేసిన కాగితాలను మెయిల్లో పంపడానికని సారు గారి మెయిల్ పాస్‌వర్డ్‌ను కడుపులో దాచుకుని ఏళ్లకేళ్లు గడిపేస్తుంది. దానికి సొంతంగా ఒక మెయిల్ అకౌంటు ఇవ్వమంటే మాత్రం యాజమాన్యానికి ప్రాణం మీదికొస్తుంది. 'యంత్రానికి లైసెన్సు దండగ, సారుది పెట్టేయండి' అన్నది అనాదిగా వస్తున్న ఆచారం. కుర్ర ఐటీ వాళ్లు కొందరు దీన్ని తప్పుపడుతున్నారు గనుక, ఆచారం తరఫున నాలుగు మాటలు చెప్పక తప్పదు.

ముందుగా ఇందులోని పారదర్శకత చూడండి. సారు పాస్‌వర్డ్ మార్చారంటే కాసేపట్లో స్కాన్లు ఆగిపోతాయి. వేరే సర్క్యులర్ అక్కర్లేకుండా సంగతి ఆఫీసంతా తెలిసిపోతుంది. అదే అకౌంటును జీతాల సాఫ్ట్‌వేర్‌లోనూ, బ్యాకప్‌లోనూ పెట్టి ఉంటే ఇంకా మేలు. బ్యాకప్ ఫెయిలైందని చెప్పాల్సిన మెయిల్ కూడా బయల్దేరదు కాబట్టి, ఇక బ్యాకప్ ఫెయిలవడమన్నదే ఉండదు.

రెండంచెల ధ్రువీకరణ వచ్చాక ఈ ఆచారానికి గడ్డుకాలం దాపురించింది. ఓటీపీ చూసుకోవడానికి ప్రింటరుకు ఫోను లేదు. మెయిల్ సర్వరు 535 అనే ఎర్రర్ కోడ్‌తో లాగిన్ కుదరలేదని విడమర్చి చెబుతుంది. ప్రింటరేమో 'పంపలేకపోయాం' అన్న ఒక్క ముక్కతో సరిపెడుతుంది. అసలు మాట కావాలంటే బ్రౌజర్లో ప్రింటరు ఐపీ కొట్టి, అడ్మిన్‌గా లాగిన్ అయి, లాగ్ తెరవాలి. అంత శ్రమ ఎందుకని సారు అకౌంటుకున్న రెండో తాళమే పీకేస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నా చలి కాచుకోవడానికి పనికొస్తుంది కదా! నిజానికి జీమెయిల్ ఆ తాళం ఉంటేనే ఓటీపీ కొట్టలేని యంత్రాల కోసం 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ ఇస్తుంది. మధ్యలో కనిపించే ఖాళీలు కొట్టక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 365లో అయితే ఎస్ఎమ్‌టీపీ ఆథ్‌ను (యంత్రాలు లాగిన్ అయి మెయిల్ పంపే దారిని) సంస్థ మొత్తానికి మూసి, ప్రింటరు మెయిల్‌బాక్స్ ఒక్కదానికే తెరవచ్చు. పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే ఈ పద్ధతికే ఆ సంస్థ మంగళం పాడబోతోంది కాబట్టి, కొత్త ప్రింటరు కొనేటప్పుడు పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో లాగిన్ అయ్యే ఓఆథ్ ఉందా అని అడగడం మంచిది. ఇలా అడిగేవాళ్లను కొనుగోళ్ల కమిటీలో వేయరనుకోండి.

సర్వరులోకి వెళ్లే అంకెల ద్వారాలు, అంటే పోర్టుల విషయానికొస్తే, పనిచేసేదాకా ఒక్కో అంకె మార్చి చూడటమే మన శాస్త్రం. 25 అనేది సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే దారి. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు చాలామంది బయటికి దాన్ని మూసేస్తారు. 587లో పలకరింపు మామూలుగా మొదలై, స్టార్ట్‌టీఎల్ఎస్ అన్న ఆదేశం ఇచ్చాక గుట్టు (ఎన్‌క్రిప్షన్) మొదలవుతుంది. 465లో మొదటి మాట నుంచే గుట్టు. దీన్ని మధ్యలో పక్కన పెట్టి, 2018లో ఆర్ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంతో మళ్లీ గౌరవంగా పిలుచుకొచ్చారు. ప్రింటరులో 465 కొట్టి స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకుంటే భలే వినోదం. సర్వరు ముందు పలకరిస్తుందని ప్రింటరు, ప్రింటరు ముందు కరచాలనం చేస్తుందని సర్వరు, గుమ్మం దగ్గర 'మీరు ముందు, మీరు ముందు' అనుకుంటూ టైమౌట్ అయ్యేదాకా నిలబడతాయి.

గడియారం సంగతి ఎవరూ పట్టించుకోరు. కరెంటు పోయి వచ్చాక పాత ప్రింటరు తేదీ 2000 జనవరి 1కి వెళ్లిపోతుంది. దాని లెక్కన సర్వరు గుర్తింపుపత్రమైన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, నమ్మేదెలా? సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వరు పేరు ఒకటి రాస్తే పోయేదానికి, 'సర్టిఫికెట్ సరిచూడు' అన్న గడిలో టిక్కు తీసేస్తారు. ఐపీ చేత్తో ఇచ్చి పేర్లను ఐపీ అంకెలుగా మార్చే డీఎన్ఎస్ గడి ఖాళీగా వదిలేస్తే, సర్వరు పేరు విన్నా ప్రింటరుకు ఇల్లు దొరకదు. దానికి మందు పేరు తీసేసి అంకెల్లో ఐపీ రాయడం. అంకెలు మారేదాకా బ్రహ్మాండంగా నడుస్తుంది. గుట్టు భాష టీఎల్ఎస్‌లో 1.2 వెర్షన్ రాని యంత్రం పరిస్థితి వేరు. 1.0, 1.1లకు 2021లోనే వీడ్కోలు సభ జరిగింది, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ దొరక్కపోతే దానికీ జరపాలి.

అకౌంటే లేకుండా పంపే అడ్డదారి కూడా ఉంది. డొమైన్‌కు వచ్చే మెయిల్ అందుకునే ఎమ్ఎక్స్ చిరునామాకు 25 మీద నేరుగా ఇచ్చేయడం. సొంత సంస్థ మెయిల్‌బాక్సుల వరకే చేరుతుంది, కస్టమరుకు ఇన్వాయిస్ వెళ్లదు. బయటికీ వెళ్లాలంటే స్థిరమైన పబ్లిక్ ఐపీ మీద కనెక్టరు (ఆ ఐపీ నుంచి వచ్చే మెయిల్‌ను సర్వరు ఒప్పుకునే ఏర్పాటు) కట్టుకోవాలి, డొమైన్ పేరుతో ఎవరెవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ జాబితాలో ఆ ఐపీని చేర్చాలి. చేర్చమంటే మనవాళ్లు రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు పెడతారు. డొమైన్‌కు ఒకటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. జీతాల సాఫ్ట్‌వేర్ ఇంకో ఘనుడు. మైక్రోసాఫ్ట్ దగ్గర లాగిన్ అయ్యి పంపితే నిమిషానికి 30 మెయిళ్లు, ఒకేసారి 3 కనెక్షన్లు హద్దు. అది మాత్రం 400 పేస్లిప్పులను పది కనెక్షన్లతో ఒక్క ఉదుటున తోసేస్తుంది. పైగా ఫ్రమ్ దగ్గర లాగిన్‌కు సంబంధం లేని చిరునామా పెడుతుంది. ఆ చిరునామా పేరుతో పంపే 'సెండ్ యాజ్' అనుమతి లేదని సర్వరు తిప్పికొడితే, తప్పు నెట్‌వర్కుదని తీర్మానం.

సారు రాజీనామా చేసిన రోజే ఆచారం గొప్పతనం బయటపడుతుంది. అకౌంటు మూసేశారు, స్కాన్లు ఆగాయి, అత్యవసర సమావేశం జరిగింది. ప్రింటరుకు లైసెన్సు దండగ అన్న పాత తీర్మానం చెక్కుచెదరకుండా, వెళ్లిపోయిన సారు లైసెన్సునే నెలనెలా కట్టి అకౌంటు బతికించారు. ఇప్పుడు ఎవరో 600 డీపీఐ కలర్లో ఒప్పందం స్కాన్ చేస్తారు. అంగుళానికి 300 చుక్కలు చాలు, 600 పెడితే మొత్తం చుక్కలు నాలుగింతలు. 20 ఎంబీ ఫైలు మెయిల్లో మూడోవంతు ఉబ్బి 27 దాకా వెళ్తుంది, అవతలివాళ్ల హద్దు 25. సొంత సర్వరు 250, అంటే 'అందింది', అన్న మరుక్షణం ప్రింటరు తెర 'పంపబడింది' అని పచ్చగా వెలుగుతుంది. కాసేపటికి బౌన్సు మెయిల్ తిరిగొచ్చి, సారు ఇన్‌బాక్స్‌లో మిగతావాటి పక్కన కూర్చుంటుంది.