వైపరు బాగుచేసిన వైనం

మా నాన్న దగ్గర 1972 మోడల్ అంబాసిడర్ ఉంది. మార్క్ 2. వానొస్తే ఆయన వైపరు వెయ్యడు. బండి ఆపి, పొగాకు ముక్క తీసి అద్దం మీద బరబరా రుద్దుతాడు. గుంటూరులో పొగాకుకు కొదవా! నీళ్లు నిజంగానే నిలవకుండా జారిపోతాయి. కానీ వైపరు పెట్టుకుని ఆకు రుద్దడమేంటని నాకు నామోషీ. ఓ రోజు చినుకు పడగానే డాష్‌బోర్డు మీది నాబు పట్టుకుని లాగాను. నాబు చేతిలోకి వచ్చేసింది.

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దుగూకేదాకా తిరిగి, ఓ పాత సామాన్ల కొట్లో సరిపోయే స్విచ్ పట్టుకున్నాను. "బిగించేది ఎవరు సార్?" అన్నాడు కొట్టతను. "నేనే" అన్నాను. అతను డబ్బులు లెక్కపెట్టడం ఆపి నన్నోసారి చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున్నే రంగంలోకి దిగాను. రంగమంటే, కాళ్లు సీటు మీదికి, తల బ్రేకు పెడల్ పక్కకి, నోట్లో టార్చి.

"బ్యాటరీ వైరు తీశారా?" వంటింట్లోంచి మా ఆవిడ.

తీశాను. ఈ కథ మొత్తంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

లోపలున్నవన్నీ పాత వైర్లు. పుట్టినప్పుడు ఒక్కోదానికి ఒక్కో రంగు. యాభై ఏళ్ల తర్వాత అన్నిటిదీ ఒకటే రంగు, దుమ్ము రంగు. స్విచ్ వైరు గట్టిగా లాగితే దాంతోపాటు ఇంకో వైరు కూడా కనెక్టర్‌లోంచి ఊడి మొహం మీద పడింది. రెండింటి మూతులూ ఒకటే, తుపాకీ గుండులా నున్నగా ఉంటాయి. ఏది ఎందులోకైనా దూరుతుంది. నేను దూర్చాను.

బ్యాటరీ తగిలించి నాబు లాగాను. హారన్ మోగింది. మామూలుగా కాదు, ఊరంతా ఉలిక్కిపడేలా, ఆగకుండా. కంగారులో దాన్నాపుదామని హారన్ బొత్తం నొక్కాను. వైపరు కదిలింది.

ఈ బండి తండ్రి ఇంగ్లండువాడు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు. ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, హారన్‌కైనా వైపరు మోటారుకైనా కరెంటు ముందే వచ్చి కూర్చుంటుంది. బొత్తం చేసేదల్లా ఎర్త్, అంటే ఆ కరెంటు తిరిగి వెళ్లే దారి, అందించడం. అందుకే వైర్లు తారుమారైనా ఫ్యూజు పోలేదు, పొగ రాలేదు. రెండూ శ్రద్ధగా పనిచేస్తున్నాయి, ఒకదాని పని ఇంకొకటి.

మళ్లీ కిందికి దూరే ఓపిక లేదు. పైగా ఆ మధ్యాహ్నమే తెనాలిలో పెళ్లి. నాన్న ముందు సీట్లో కూర్చుని విషయం విని, "లాగితే హారన్, నొక్కితే వైపరు. అంతేగా, పద" అన్నాడు.

ఊరు దాటగానే గేదెలు. అలవాటుగా హారన్ నొక్కాను. చప్పుడు లేదు. వైపరు మాత్రం అద్దం మీద ఓసారి ఊగి, మోటారులోని పార్కింగ్ స్విచ్ పుణ్యమా అని బుద్ధిగా తన మూలకు చేరి పడుకుంది. ఎండ మండిపోతుంటే వైపరు ఊపుతున్న కారును గేదెలు కాసేపు చూసి, తప్పుకున్నాయి. స్కూటరు మీద వెళ్తున్నాయన వెనక్కి తిరిగి చూసి, తనకే చెయ్యి ఊపుతున్నామనుకుని తనూ ఊపి, పక్కకి జరిగాడు.

"చూశావా, మోగిస్తే ఎవడైనా జరిగాడా ఇన్నాళ్లూ?" అన్నాడు నాన్న.

తిరుగు ప్రయాణంలో వాన అందుకుంది. టెన్షన్‌లో నాబు లాగేశాను. ముందున్న బస్సు, దాని ముందున్న ట్రాక్టరు, ఆటోలు, అన్నీ ఆస్పత్రి కేసనుకుని దారిచ్చాయి. అద్దం తుడవాలంటే హారన్ నొక్కిపట్టాలి, గేరు మార్చాలంటే వదలాలి. గేరు మార్చినప్పుడల్లా రోడ్డు కనపడదు. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి "కుడికి... కుడికిరా!" అంటూ గుంటూరు చేర్చాడు.

మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాం. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే చెయ్యి లోపలికి పెట్టి రెండు వైర్లూ పట్టుకున్నాడు. "రెండు నిమిషాల పని సార్. మార్చెయ్యమంటారా?"

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "వానాకాలం వెళ్లనీ, అప్పుడు చూద్దాం."