సోమవారం పుట్టి శుక్రవారం పోయే మాటలు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు ఇంగ్లిష్ పదసంపద పెంచడానికి మానవజాతి కనిపెట్టిన మహత్తర సాధనం ఒకటుంది: వారపు జాబితా. సోమవారం బోర్డు మీద ఇరవై మాటలు. మంగళవారం డిక్షనరీ చూసి అర్థాలు. బుధవారం ఒక్కో మాటా ఐదేసి సార్లు రాయడం. గురువారం సొంత వాక్యాలు. శుక్రవారం పరీక్ష. శనివారం మతిమరుపు. దీనికి మాత్రం పీరియడ్ కేటాయించనక్కర్లేదు, దానంతటదే జరిగిపోతుంది.

లెక్క చూస్తే కళ్లు చెదురుతాయి. వారానికి 20, ఏడాదికి 36 బడి వారాలు అనుకుంటే 720. మూడు తరగతులకు 2,160 మాటలు. ఇంత ఆస్తిపరుణ్ణి ఎనిమిదో తరగతి చివర లేపి ‘రిలక్టెంట్’ అంటే ఏమిట్రా అని అడగండి. “అది ఆరో తరగతిలోనే అయిపోయింది సార్” అంటాడు. నిజమే, అయిపోయింది.

బుధవారం నాటి కార్యక్రమాన్ని దగ్గరగా చూసే భాగ్యం అందరికీ దక్కదు. ఐదుసార్లు రాయమంటే పిల్లవాడు మాటను ఐదుసార్లు రాయడు. మొదట ‘ఆర్’ అనే అక్షరాన్ని నిలువుగా ఐదుసార్లు, దాని పక్కన ‘ఇ’ ఐదుసార్లు, ఆ పక్కన ‘ఎల్’. ఇలా గోడ కట్టినట్టు కట్టుకొస్తాడు. మాట పూర్తయ్యేసరికి అది మాటని వాడికే తెలియదు. మొదటి వరసలో స్పెల్లింగ్ తప్పితే ఐదు వరసల్లోనూ శ్రద్ధగా తప్పుతుంది. చెయ్యి పని చేస్తుంది, బుర్రకు సెలవు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటేనే మాట నిలుస్తుందనేది ఈ కర్మాగారంలో ఎవరికీ పట్టని సంగతి.

జాబితా కూర్పులోనూ గొప్ప ప్రతిభ కనిపిస్తుంది. ‘ఎమిగ్రేట్’, ‘ఇమిగ్రేట్’ ఒకే రోజు. ‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ పక్కపక్కన, కవల పిల్లల్లా. ఒకే కోవకు చెందిన కొత్త మాటల్ని గుత్తగా నేర్పితే ఒకదానికొకటి అడ్డం పడతాయని 1990లలోనే ప్రయోగాలు చేసి చూపించారు. ఒకటి ముందు నేర్పి, అది కుదురుకున్నాక రెండు మూడు వారాలాగి రెండోది నేర్పితే చాలు. అబ్బే, అలా చేస్తే జాబితా అందం చెడదూ!

ఇక అప్పుడప్పుడు ఓ బంపర్ మాట. 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరును పిల్లల చేత బట్టీ పట్టించి వేదికెక్కిస్తారు. ఆ మాట 1935లో అమెరికాలో పజిళ్లు కట్టేవాళ్ల సంఘంలో పుట్టింది, పొడవు కోసమే. డాక్టర్లు ‘సిలికోసిస్’ అని ఊరుకుంటారు.

కానీ అసలు పండగ గురువారం. డిక్షనరీ అర్థం చూసి సొంత వాక్యం రాయాలి. జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి వాక్యాల గురించి 1987లో రాశారు. ‘ఎరోడ్’ అంటే నేల కోసుకుపోవడం లాంటిది. డిక్షనరీలో ‘ఈట్ అవుట్’, ‘ఈట్ అవే’ అని ఉంది. ‘ఈట్ అవుట్’ అంటే బయటికెళ్లి తినడం అని కూడా. ఓ పిల్ల రాసింది: “మా కుటుంబం చాలా ఎరోడ్ అవుతుంది.” ‘స్టిములేట్’ అంటే ఉత్తేజపరచడం. డిక్షనరీలో ‘స్టిర్ అప్’, అంటే కలియబెట్టడం కూడా. కాబట్టి ఒకావిడ సూప్‌ను స్టిములేట్ చేసింది. ‘మెటిక్యులస్’ అంటే చాలా జాగ్రత్త. కాబట్టి ఇంకొకరు కొండ అంచు నుంచి పడే విషయంలో మెటిక్యులస్‌గా ఉన్నారు.

ఆ కుటుంబాన్ని ఒక్కసారి ఊహించుకోండి. ఆదివారం సాయంత్రం నాన్న వచ్చి “ఇవాళ వంట వద్దు, అందరం వెళ్లి ఎరోడ్ అవుదాం” అంటాడు. అమ్మ చీర మార్చుకుంటుంది. తమ్ముడికి ఎరోడ్ కావడమంటే ప్రాణం. పుట్టినరోజైతే ఖరీదైన చోట ఎరోడ్ అవుతారు. నెలాఖరున డబ్బు తక్కువైతే ఇంట్లోనే సరిపెట్టుకుంటారు. పోనుపోను నది ఒడ్డులా కాస్త కాస్త తరిగిపోతూ ఉంటారు. నవ్వొస్తుంది గానీ, ఆ పిల్ల తర్కంలో తప్పు ఎక్కడుంది? డిక్షనరీ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎర్ర సిరా పడింది మాత్రం ఆ పిల్ల పుస్తకంలో.

ఇక్కడ నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే ఆ ఎర్ర సిరా చివరికి ప్రోగ్రెస్ కార్డులో ‘వీక్ ఇన్ వొకాబులరీ’గా తేలుతుంది. ఎవరు వీక్? ఓ కొత్త మాట మనసులో స్థిరపడాలంటే అది ఓ పదిసార్లైనా, వేర్వేరు చోట్ల ఎదురుపడాలి. ఇంట్లో కథల పుస్తకాలున్న పిల్లకు ‘రిలక్టెంట్’ ఆ పదిసార్లూ ఇంట్లోనే ఎదురైంది. పుస్తకం అనేదే లేని ఇంటి పిల్లవాడికి ఎదురైంది ఒక్కసారి, మీ బోర్డు మీద, మీరు తుడిచేలోపు. ఆ మిగతా తొమ్మిదిసార్లు ఇవ్వాల్సింది బడి. ఇవ్వలేదు. ఇవ్వకుండా, ఇచ్చినట్టు పరీక్ష పెట్టి, రాలేదని వాడి నెత్తిన ముద్ర వేశారు. ఇది పదసంపద పరీక్ష కాదు, ఇంటి తనిఖీ. పన్నెండేళ్ల పిల్లవాడికి నోరు పెగలకుండా చేసి, ఆ లోపం వాడిదేనని వాడి చేతే నమ్మించడానికి సిగ్గు పడాలి.

సరే, చేయాల్సిందేమిటి? ఇరవై వద్దు, ఎనిమిది చాలు. ‘ఫొటోసింథసిస్’ సంగతి సైన్సు టీచర్ చూసుకుంటారు. ‘కాన్సిక్వెన్స్’, ‘ఎవిడెన్స్’, ‘కాంట్రాస్ట్’, ‘మెయింటెయిన్’ లాంటివి ఏరాలి. అన్ని సబ్జెక్టుల్లోనూ తగులుతాయి, ఎవరూ ప్రత్యేకించి నేర్పరు. తెలుసనుకున్న మాటల కొత్త అర్థాలూ ఏరాలి: టీవీ దగ్గర ‘వాల్యూమ్’ శబ్దం, లెక్కల్లో ఘనపరిమాణం, బజారులో ‘ప్రొడక్ట్’ సరుకు, లెక్కల్లో గుణలబ్ధం.

‘రిలక్టెంట్’కు ముందు మామూలు మాటల్లో అర్థం చెప్పాలి: చేయక తప్పదు, మనసొప్పదు. ఇంటి భాషలో చెబితే నేరమేమీ కాదు. తర్వాత ప్రశ్నలు. చన్నీళ్లలో బొటనవేలు ముంచి వెనక్కి తీసుకునేవాడు రిలక్టెంటా? సెలవనగానే గేటు దూకేవాడు? ఎందుకు కాదు? తర్వాత దాని వెంట వచ్చే ‘టు’తో కలిపి వాక్యం, నోటితో. ఆపైన ‘రిలక్టెంట్లీ’, ‘రిలక్టెన్స్’. మర్నాడు టీచర్ తన మాటల్లో తానే రెండుసార్లు వాడాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

నేర్చింది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. దానికి విరుగుడుగా 1972లో లైట్నర్ అనే ఆయన అట్టపెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చీటీకి ఓ వైపు మాట, రెండో వైపు అర్థం, ఖాళీ వదిలిన వాక్యం. పిల్లలకు మూడు అరలు చాలు: మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయాలి. చెప్పగలిగితే చీటీ తర్వాతి అరకు, చెప్పలేకపోతే తిరిగి మొదటి అరకు. రోజుకు పది నిమిషాలు. చీటీ తిప్పి చూసేముందు జవాబు పైకి చెప్పించాలి, లేకపోతే “ఆఁ, తెలుసు” అంటూ అన్నీ ముందుకు తోసేస్తారు.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఒక్కటే. పేరెంట్స్ మీటింగులో తల్లిదండ్రులకు చూపించడానికి ఎర్ర టిక్కులతో నిండిన నోట్‌బుక్ ఉండదు. మాట్లాడే పిల్లవాడు మాత్రమే ఉంటాడు, వాణ్ణి తనిఖీ చేయడానికి రిజిస్టర్లో కాలమ్ లేదు.