భయం తెలిసినవాళ్ల మధ్యే భయం తగ్గుతుంది

మానసిక ఆరోగ్యం గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. అవగాహన దినాలు జరుగుతున్నాయి, ఆఫీసు గోడల మీద కౌన్సెలింగ్ నంబర్లు వెలిశాయి, ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పే యాప్‌లు ఫోన్లలోకి వచ్చేశాయి. మంచిదే. కానీ ఏళ్ల తరబడి ఆందోళనతో బతుకుతున్న మనిషికి ఇవన్నీ కలిసి చెబుతున్నది ఒక్కటే: నీ టెన్షన్ నీది, నువ్వే తగ్గించుకో. డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్లాలి, మాత్ర ఒంటరిగా వేసుకోవాలి, అర్ధరాత్రి నిద్ర పట్టకపోతే ఒంటరిగా యాప్ తెరుచుకుని ఊపిరి లెక్కపెట్టుకోవాలి. ఈ పద్ధతిలోనే లోపం ఉంది. దీర్ఘకాలిక ఆందోళన నుంచి కోలుకోవడానికి అదే బాధ పడినవాళ్ల తోడు కావాలి. దాన్ని వీలుంటే దొరికే అదనపు సాయంగా చూడటం మానేసి, చికిత్సలోనే ఒక భాగంగా గుర్తించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 30.1 కోట్ల మంది ఆందోళన రుగ్మతలతో ఉన్నారు. మానసిక రుగ్మతలన్నిటిలో ఎక్కువమందికి ఉన్నది ఇదే. చికిత్స అవసరమైన ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికే అది అందుతోంది. ఈ అంకెలు చూసిన ప్రతిసారీ నిపుణుల కొరత గురించి చర్చ మొదలవుతుంది. కొరత నిజమే. అయితే రేపు పొద్దున్నే ప్రతి ఒక్కరికీ ఒక సైకియాట్రిస్ట్ దొరికినా ఒక లోటు మిగిలిపోతుంది. నేను మాట్లాడుతున్నది ఆ లోటు గురించి.

పాతబడిన ఆందోళన ఎలా పనిచేస్తుందో చూడండి. ఒకరోజు బస్సులో ఉన్నట్టుండి గుండె దడ మొదలవుతుంది. ఊపిరి ఆడదు, చేతులు చల్లబడతాయి, ఇక చచ్చిపోతున్నాననే అనిపిస్తుంది. పది, ఇరవై నిమిషాల్లో అది దానంతటదే తగ్గిపోతుంది. కానీ మర్నాటి నుంచి ఆ మనిషి బస్సెక్కడు. తర్వాత రద్దీగా ఉండే దుకాణాలు మానేస్తాడు, ఆ తర్వాత మీటింగులు. ఎక్కడికెళ్లినా తలుపు పక్కనే కూర్చుంటాడు, మంచినీళ్ల సీసా లేనిదే గడప దాటడు, నిమిషానికోసారి నాడి పట్టుకుని చూసుకుంటాడు. ఇలాంటి ప్రతి జాగ్రత్తా ఆ క్షణానికి హాయినిస్తుంది. ఆ హాయే జబ్బుకు ఎరువు. తలుపు పక్కన కూర్చున్నాను కాబట్టే బతికానని మెదడు రాసిపెట్టుకుంటుంది. ఇక్కడిదాకా మానసిక వైద్యులందరూ ఒప్పుకునేదే.

ఇక వాళ్లు తగినంత గట్టిగా చెప్పని మాట ఒకటుంది. ఈ జాగ్రత్తలన్నిటిలోకీ పెద్దది దాచుకోవడం. నాకేదో అవుతోందని ఎవరికీ తెలియనివ్వకపోవడం. మీటింగు మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లి మొహం కడుక్కుని నవ్వుతూ తిరిగిరావడం, శుభకార్యానికి పిలిస్తే కడుపునొప్పని చెప్పి తప్పుకోవడం, పక్కనే పడుకున్నవాళ్లకు కూడా తెలియకుండా తెల్లవార్లూ మేలుకుని ఉండటం. దాచిన ప్రతిసారీ రెండు నమ్మకాలు బలపడతాయి: ఇది బయటపడితే నా పరువు పోతుంది, ఇలా అయ్యేది లోకంలో నా ఒక్కడికే. ఈ రెండు నమ్మకాల మీదే జబ్బు పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలబడుతుంది. తలుపు పక్కన కూర్చునే అలవాటును ఒంటరిగా సాధన చేసి మానుకోవచ్చు. దాచుకునే అలవాటును ఒంటరిగా మానుకోవడం ఎవరివల్లా కాదు, దానికి ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. ఆ ఎదుటి మనిషి డాక్టరే అయితే సగం మేలే జరుగుతుంది. రోగి మనసులో ఒక లెక్క ఉంటుంది: ఈయనకు చెప్పినా పరువేం పోదు, వినడం ఈయన వృత్తి. విని భయపడని మామూలు మనుషులు ఎదురైనప్పుడే ఆ రెండు నమ్మకాలూ కూలిపోతాయి.

క్లెయిర్ వీక్స్ జీవితం దీనికి గట్టి సాక్ష్యం. 1903లో పుట్టిన ఈ ఆస్ట్రేలియా వైద్యురాలు తన ఇరవైల్లోనే తీవ్రమైన గుండె దడతో అల్లాడిపోయింది. క్షయ అని పొరబడి డాక్టర్లు శానటోరియంలో పెట్టారు. క్షయ కాదని తేలాక కూడా దడ వదల్లేదు. చివరికి ఆమెకు దారి చూపించినవాడు మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన ఒక స్నేహితుడు. కందకాల్లో మాకూ ఇలాగే గుండె కొట్టుకునేది, నువ్వు దాన్ని చూసి భయపడుతున్నావు కాబట్టే అది తగ్గడం లేదు అన్నాడతను. ఆ తర్వాత ఆమె వైద్యం చదివింది, ఆందోళన రోగుల కోసం 1962 నుంచి పుస్తకాలు రాసింది. తనంతట వచ్చే మొదటి భయం, దాన్ని చూసి మనం తెచ్చుకునే రెండో భయం అని ఆమె చేసిన విభజన అసంఖ్యాకులను ఒడ్డున పడేసింది. ఇంత వైద్యానికీ మొదటి బీజం పడింది ఏ ఆసుపత్రిలోనో కాదు. అదే భయం అనుభవించిన ఒక మనిషి, నాకూ అయ్యింది అని నోరు విప్పి చెప్పినప్పుడు పడింది.

భయపడిన మనిషి సాటి మనిషిని వెతుక్కుంటాడని ప్రయోగాలు కూడా చూపించాయి. అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ షాక్టర్ 1959లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాసేపట్లో బాధాకరమైన కరెంటు షాకులు తగులుతాయని విద్యార్థినులకు చెప్పి, ఒంటరిగా వేచి ఉంటారా, ఇతరులతోనా అని అడిగారు. బాగా భయపెట్టిన బృందంలో మూడింట రెండొంతులకు దగ్గరగా తోడు కోరుకున్నారు. మరో ప్రయోగంలో తేలింది ఇంకా ముఖ్యం. తమలాగే షాకు కోసం ఎదురుచూస్తున్నవాళ్లతో అయితే కలిసి ఉంటామన్నారు, వేరే పని మీద వచ్చినవాళ్లతో అయితే అక్కర్లేదన్నారు. జేమ్స్ కోన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగం మెదడులోకే తొంగిచూసింది. షాకు తగలబోతోందని తెలిసిన స్త్రీలు భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి మెదడు స్పందించే తీరు చల్లబడింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా ఎంతోకొంత తేడా కనిపించింది. తోడు వల్ల కలిగే ధైర్యాన్ని ఉత్త మాటగా కొట్టిపారేసేవాళ్లు ఈ ప్రయోగాన్ని చదవాలి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. షికాగోలో అబ్రహాం లో అనే డాక్టర్ 1937లోనే మానసిక వైద్యశాల నుంచి బయటికి వచ్చిన రోగులతో ఒక సంఘం మొదలుపెట్టాడు. అందులోని సమావేశాల తీరు గమనించదగ్గది. ప్రతి మనిషీ తన రోజులో జరిగిన ఒక చిన్న సంఘటన తీసుకుంటాడు, ఫోన్ మోగడమో, ఎవరో విసుక్కోవడమో. ఏం జరిగింది, ఒంట్లో ఏం తెలిసింది, అప్పుడు తానేం చేశాడు, ఇదివరకైతే ఏం చేసేవాడు, ఈ వరసలో చెబుతాడు. ఆ నాలుగో ప్రశ్నలోనే ఆ పద్ధతి గొప్పదనమంతా ఉంది. తన మార్పును తానే, నలుగురి ఎదుట, తన నోటితో కొలుచుకుంటాడు. ఆ సమావేశాలు నడిపేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మాజీ రోగులు. లో 1954లో చనిపోయాడు, సంఘం మాత్రం ఈనాటికీ నడుస్తోంది.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. ఆందోళనపరులు పదిమంది ఒకచోట చేరితే ఒకరి భయాలు ఇంకొకరు అంటించుకుంటారని, ఒకే బాధను పదేపదే తిరగేసి మాట్లాడుకోవడం మంచికన్నా చెడే చేస్తుందని అంటారు. స్నేహితులు సమస్యలనే తవ్వుకుంటూ కూర్చుంటే దిగులు పెరగవచ్చని అమాండా రోజ్ 2002లో పిల్లల మీద చేసిన అధ్యయనం చూపించింది కూడా. మందులు ఆపెయ్యమని తెలిసీ తెలియని సలహా ఇచ్చేవాళ్లూ తగులుతారు. ఇవి నిజమైన ప్రమాదాలే. కానీ ఇవన్నీ బృందాన్ని పద్ధతిగా నడపమని చెప్పే కారణాలు, బృందమే వద్దనడానికి చాలవు. ఆ నాలుగు ప్రశ్నల వరస ఉన్నది ఇందుకే. మందులు వాడేవాళ్లు వాడాలి, ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చే థెరపీ దొరికితే తప్పకుండా తీసుకోవాలి. బృందం వాటి పక్కన నిలబడుతుంది.

ఇప్పుడు ఆశ దగ్గరకు వద్దాం. అన్నిటికంటే నాకు పట్టింపు దీని మీదే. చాలాకాలంగా ఆందోళనతో ఉన్న మనిషిని పట్టి చూడండి, అతనికి భయం కన్నా పెద్ద జబ్బు నిరాశ. నేను ఇంతే, నా తలరాత ఇంతే అన్న నిశ్చయం. డాక్టరు తగ్గిపోతుందంటే ఆయన అలా అనాలి కాబట్టి అన్నాడనుకుంటాడు. ఇంట్లోవాళ్లు ధైర్యం చెబితే వీళ్లకేం తెలుసు అనుకుంటాడు, అందులో నిజం కూడా ఉంది. మాటతో వచ్చే ఆశ అతని దగ్గర ఎప్పుడో అయిపోయింది. అలాంటి మనిషి ఎదురుగా, మూడేళ్ల కిందట ఇల్లు కదలని ఒకామె వచ్చి కూర్చుని, ఈరోజు బస్సులో ఒక్కదాన్నే వచ్చాను, దారిలో దడ వచ్చింది, వచ్చి పోయింది అని మామూలుగా చెప్పిందనుకోండి. దాన్ని కొట్టిపారెయ్యడం అతని తరం కాదు. ఆమె చెప్పే లక్షణాలు తనవే. నాలుక తడారిపోవడం, కాళ్లు దూదిలా అయిపోవడం, పిచ్చెక్కుతుందేమోనన్న అనుమానం, అన్నీ తనవే. అంత బాధ పడిన మనిషి బస్సు దిగి నడిచొచ్చి కళ్లముందు కూర్చుంది.

ఇంకో సంగతి. కోలుకోవడం సాఫీగా సాగదు. రెండు నెలలు బావుండి మూడో నెల మళ్లీ మొదటికొచ్చినట్టు అవుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నవాడికి అది ఓటమిగా కనిపిస్తుంది, అక్కడే చాలామంది ప్రయత్నం మానేస్తారు. బృందంలో పాతవాళ్లకు మాత్రం అది తెలిసిన మలుపు. ఆ, ఇది వస్తుంది, నాకు నాలుగుసార్లు వచ్చింది అంటారు. ఆ ఒక్క మాటతో మనిషి మళ్లీ ప్రయత్నంలో పడతాడు.

కొన్నాళ్లకు ఆ మనిషే కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పే రోజు వస్తుంది. జీవితమంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషిగా బతికినవాడు మొదటిసారి ఇంకొకరికి అక్కరకొస్తాడు. పదేళ్ల బాధకు ఒక విలువ ఏర్పడుతుంది. సాయం చేసేవాడికే ఎక్కువ మేలు జరగవచ్చని అమెరికన్ పరిశోధకుడు ఫ్రాంక్ రీస్‌మన్ 1965లోనే రాశాడు. చికిత్స మొదటిరోజు నుంచి చివరిరోజు దాకా మనిషిని రోగిగానే కూర్చోబెట్టే పద్ధతులు ఈ మేలును చేజేతులా వదులుకుంటున్నాయి.

జింబాబ్వేలో సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ గురించి చాలామంది వినే ఉంటారు. హరారేలోని ఎంబారే ప్రాంతంలో 14 మంది అవ్వలతో అది మొదలైంది. ఆరోగ్య కేంద్రం బయట ఒక బెంచీ, దాని మీద శిక్షణ పొందిన అవ్వ, పక్కన మనసు బాగాలేని మనిషి. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం పొందినవారిలో 49.9 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు మిగిలితే, బెంచీ దగ్గరకు వెళ్లినవారిలో అవి 13.7 శాతం మందిలోనే మిగిలాయి. ఆందోళన కూడా బాగా తగ్గింది. తక్కువ ఖర్చుతో అయిపోయిందని ప్రభుత్వాలు దీన్ని మెచ్చుకుంటాయి. నన్ను కదిలించింది బెంచీ తర్వాత జరిగేది. అవ్వతో మాట్లాడటం పూర్తయ్యాక ఆ మనిషిని ఒక బృందంలో చేరుస్తారు. అంతకుముందు అదే బెంచీ మీద కూర్చున్నవాళ్ల బృందం అది. వాళ్లు కలిసి పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు. చేతులకు పని ఉంటే నోరు సులువుగా విచ్చుకుంటుంది, ఎవరి కళ్లలోకీ సూటిగా చూడనక్కర్లేదు. ఆందోళన ఉన్నవాళ్లకు ఇదెంత పెద్ద వెసులుబాటో వాళ్లనే అడగండి.

ఇక్కడే అసలు ప్రశ్న వేయాలి. ఇలా కూర్చోవడానికి మనుషులకు చోటేది, తీరికేది? 148 అధ్యయనాల్లోని 3 లక్షల మందికి పైగా సమాచారాన్ని జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో క్రోడీకరించింది. గట్టి మానవ సంబంధాలు ఉన్నవారు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఒంటరితనాన్ని తగ్గించే బాధ్యతను బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో మంత్రులకు అప్పగించాయి. అమెరికాలో ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యాధికారి, సర్జన్ జనరల్, ఒంటరితనం గురించి 2023లో దేశానికే హెచ్చరిక జారీ చేశారు. ప్రకటనలు వచ్చాయి. అదే కాలంలో ఏమీ కొనకుండా గంటసేపు కూర్చోగల చోట్లు తగ్గిపోతున్నాయి, గ్రంథాలయాలకు నిధులు తెగిపోతున్నాయి. వారానికొకలా మారే షిఫ్టులో పనిచేసే మనిషి ప్రతి గురువారం సాయంత్రం జరిగే బృందానికి ఎలా వస్తాడు? పని కోసం రెండేళ్లకో ఊరు మారేవాడు ఎవరిని తనవాళ్లనుకుంటాడు? మనుషులు కలిసే చోట్లను, వేళలను లాగేసుకుని, ఆపైన ఆందోళనను వ్యక్తిగత బలహీనత అనడం అన్యాయం. పని గంటలు, అద్దెలు, పార్కులు, గ్రంథాలయాల గురించి తీసుకునే నిర్ణయాలన్నీ మానసిక ఆరోగ్య నిర్ణయాలే. బడ్జెట్లు రాసేవాళ్లు ఈ సంగతి ఒప్పుకునేదాకా యాప్‌లు పెరుగుతూనే ఉంటాయి, జబ్బూ తగ్గదు.

కాబట్టి చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ఆందోళనకు మందు రాసే ప్రతి క్లినిక్ ఆ చీటీతో పాటు దగ్గరలోని బృందం చిరునామా, వేళ ఇవ్వాలి. దగ్గరలో బృందం లేకపోతే దాన్ని ఏర్పాటు చేయించే బాధ్యత ఆరోగ్య శాఖ తీసుకోవాలి. బడులు, గ్రంథాలయాలు సాయంత్రాలు ఇందుకోసం గదులు తెరిచి ఉంచాలి. బృందం నడిపే మాజీ రోగులకు శిక్షణ ఇవ్వాలి, జీతం ఇవ్వాలి. సేవాభావం పేరుతో వాళ్ల శ్రమను ఉచితంగా వాడుకోకూడదు. ఆందోళన ఉన్నవాళ్లు వారానికి రెండు గంటలు బృందానికి వెళ్లడానికి, వాళ్లచేత పనిచేయించుకునేవాళ్లు వీలివ్వాలి. ఇంకొకటుంది, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఇల్లు కదలలేని మనిషికి బృందం ఎంత దగ్గరలో ఉన్నా దూరమే. మొదటి నాలుగు వారాలు ఒక పాత సభ్యుడు అతని ఇంటికి వెళ్లి, వెంటబెట్టుకుని తీసుకొచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దిగబెట్టాలి. ఆ రానుపోను ఖర్చును, ఆ సమయాన్ని మందుల ఖర్చు పక్కనే చికిత్స కింద లెక్కగట్టి ఇవ్వాలి.