కారుకు చోటుంది, చంటిబిడ్డకు లేదు

ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచి చేతులు దులుపుకున్నాం. అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే తర్వాత మిగిలేవి 18. అంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే తల్లి ఆఫీసుకు వెళ్లాలి. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టమని ఊరూరా చెప్పేదీ ప్రభుత్వమే! అంగన్‌వాడీలో ఆటపాటల చదువు మూడేళ్లకు గానీ మొదలవదు. అప్పటిదాకా బిడ్డను చూసేది అమ్మమ్మ, నాయనమ్మ. అమెరికాలోని మన ఇళ్లలోనూ అంతే. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు కాబట్టి అమ్మాయి తల్లిదండ్రులు ఒక విడత, అబ్బాయి తల్లిదండ్రులు మరో విడత. జీతం లేని ఈ షిఫ్టు డ్యూటీకి మనం ఆప్యాయత అని పేరు పెట్టుకున్నాం.

పెద్దల ఒడిలో పెరిగిన బిడ్డకు మాటలు త్వరగా వస్తాయంటారు. కానీ ఆ పెద్దావిడకే జ్వరమొస్తే సెలవు పెట్టేది తల్లే.

చట్టం మాత్రం ఉంది. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మందికి మించి మహిళలు పనిచేస్తేనే శిశు సంరక్షణ గది పెట్టాల్సి ఉండేది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ఆడా మగా కలిపి 50 మంది ఉంటే చాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చంది. మరి కంపెనీలు చేస్తున్నదేమిటి? చాలాచోట్ల ఏదో డేకేర్‌తో ఒప్పందం, ఫీజులో కాస్త రాయితీ. హైదరాబాద్‌లో డేకేర్ మియాపూర్‌లో, ఆఫీసు దూరాన నానక్‌రామ్‌గూడలో ఉంటే నాలుగుసార్లు కాదు, ఒక్కసారి వెళ్లిరావడమే గగనం. పాలు పిండి పెడదామంటే గది వేడిలో నాలుగు గంటలకు మించి నిలవ ఉండవు. ఆఫీసులో విడిగా గది, ఫ్రిజ్ లేకపోతే బాత్రూమే గతి. పూటలు తప్పేకొద్దీ పాలు తగ్గుతాయి, డబ్బా పాలు మొదలవుతాయి.

60 మంది ఉన్న కంపెనీ ఒంటరిగా శిశు సంరక్షణ గదిని నడపడం కష్టం. అక్కడ చంటిపిల్లలు ఏ సమయంలోనైనా ముగ్గురో నలుగురో. అయినా ఆయాలు ఇద్దరు తప్పనిసరి. ఒకరు నాపీ మారుస్తుంటే మిగతా పిల్లల మీద ఇంకొకరి కన్ను ఉండాలి కదా. అదే ఆఫీసు టవర్‌లోని పది కంపెనీలు కలిస్తే ఒక్కో కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, పిల్లలూ పోగవుతారు. ఇలా ఉమ్మడిగా నడుపుకోవచ్చని, ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ స్పష్టంగానే చెబుతోంది.

చోటెక్కడిదంటారు బిల్డర్లు. అదే టవర్ కింద అంతస్తులకు అంతస్తులు కార్లకు ఎలా దొరికాయి? పార్కింగ్ చూపకపోతే ప్లానుకు అనుమతి రాదు కాబట్టి దొరికాయి. మన నగరాల ప్లాన్లలో కారు ఉంది, బండి ఉంది, ఫైరింజన్ తిరిగే దారి ఉంది. పిల్లల గది లేదు. ఫుట్‌పాత్ కూడా మిగలని ఊళ్లో ఇదేం వింత కాదనుకోండి. ఇకపై గ్రౌండ్ ఫ్లోర్‌లో గాలీ వెలుతురూ ఉన్న గది, రెండు తలుపులు, పిల్లల ఎత్తుకు వాష్‌బేసిన్ చూపనిదే ఆఫీసు టవర్‌కు, భవనాన్ని వాడుకోవచ్చనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఆ గదికి నాలుగుసార్లు వెళ్లే హక్కు చట్టం తల్లికి మాత్రమే రాసింది. తండ్రి ఆఫీసు కిందే బిడ్డ ఉన్నప్పుడు అతనికీ రాయాలి.