గ్రంథాలయం గోడమీద రాసిన మాట

సారయేవో పేరు మనలో చాలామందికి హైస్కూలు సాంఘిక శాస్త్రం పాఠంలోంచే తెలుసు. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను కాల్చి చంపిన ఊరు అది. చనిపోయే ముందు ఆయన చివరగా సన్మానం అందుకున్నది నది ఒడ్డునున్న నగర సభా భవనంలో. దాని పేరు వియెచ్నిత్సా. తర్వాతి కాలంలో అందులోనే బోస్నియా జాతీయ గ్రంథాలయం వెలిసింది. 1992 ఆగస్టు 25 రాత్రి, బోస్నియా యుద్ధంలో ఊరిని ముట్టడించిన బోస్నియా సెర్బ్ సేనలు చుట్టుపక్కల కొండల మీది నుంచి దానిమీద ఫిరంగి గుళ్లు కురిపించాయి. నీటి సరఫరా తెగిపోయిన ఊళ్లో అగ్నిమాపక సిబ్బంది గొట్టాల్లో ధారే సరిగా రాలేదు. గ్రంథాలయ ఉద్యోగులు, ఇరుగుపొరుగు వాళ్లు తుపాకుల గురికింద వరుసగా నిలబడి పుస్తకాలను చేతులు మార్చుకుంటూ బయటికి చేరవేశారు. సుమారు 15 లక్షల సంపుటాల్లో వాళ్లు దక్కించుకోగలిగింది ఏ కొంతో. ఆ పనిలో పాల్గొన్న ఐదా బుతురోవిచ్ అనే యువ గ్రంథపాలకురాలు ఇంటికి వెళుతూ ఫిరంగి గుండు పేలి చనిపోయింది. కాలిన కాగితాల మసి చాలాసేపు ఊరిమీద రాలుతూనే ఉంది.

భవనాన్ని బాగుచేసి 2014 మే 9న మళ్లీ తెరిచారు. ప్రవేశద్వారం దగ్గర గోడకు ఒక ఫలకం ఉంది. 1992 ఆగస్టు 25-26 రాత్రి 'సెర్బ్ నేరస్థులు' ఈ గ్రంథాలయానికి నిప్పు పెట్టారని, 20 లక్షలకు పైగా పుస్తకాలు, పత్రికలు, పత్రాలు మంటల్లో మాయమయ్యాయని అందులో రాశారు. మరచిపోవద్దు, గుర్తుంచుకోండి, హెచ్చరించండి అని ముగించారు.

ఆ కోపాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. 1,425 రోజులు నీళ్లు, కరెంటు, రొట్టె కోసం అల్లాడిన ఊరు అది. మంచినీళ్లకు బీరు ఫ్యాక్టరీ దగ్గర డబ్బాలతో బారులు తీరిన జనం మీద, రొట్టె కోసం వరుసలో నిలబడ్డవాళ్ల మీద కూడా గుళ్లు పడ్డాయి. అయినా ఆ ఫలకం మీది మాట నన్ను ఇబ్బంది పెడుతోంది. నేరం చేసినవాళ్ల పేర్లు రాయాల్సిన చోట అది జాతి పేరు రాసింది. ఆ ముట్టడి లోపల వేలాదిమంది సెర్బులు కూడా ఉన్నారు. కొండల మీది నుంచి వచ్చిన గుండు ఇంట్లో ఉన్నది ముస్లిమా, క్రోటా, సెర్బా అని అడిగి పడలేదు. బెల్‌గ్రేడ్‌లో పుట్టిన సెర్బ్ జాతీయుడు యోవాన్ దివ్యాక్ బోస్నియా సైన్యంలో ఉప సేనాధిపతిగా ఉండి ఊరిని కాపాడిన వాళ్లలో ఒకడు. ఆ తర్వాత 2021లో చనిపోయేదాకా యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల చదువుల కోసం పనిచేశాడు. ఆ ఫలకం ముందు నిలబడి చదివే పదేళ్ల సెర్బ్ పిల్లవాడికి దివ్యాక్ సంగతి ఎవరు చెబుతారు?

పేర్లు దొరకలేదా అంటే, దొరికాయి. ముట్టడికాలంలో సారయేవో పౌరులను భయోత్పాతంలో ముంచినందుకు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాలు స్తానిస్లావ్ గాలిచ్, ద్రాగొమిర్ మిలోషెవిచ్ అనే సేనానులకు, వారి రాజకీయ నాయకుడు రాదొవాన్ కరాజిచ్‌కు, సర్వసేనాని రాత్కో మ్లాదిచ్‌కు శిక్షలు వేశాయి. గాలిచ్‌కు మొదట 20 ఏళ్లు, 2006లో అప్పీలు తర్వాత యావజ్జీవం. మ్లాదిచ్ యావజ్జీవ శిక్ష 2021 జూన్‌లో ఖరారైంది. ఈ తీర్పుల వెనుక ఉన్నది మామూలు మనుషుల జ్ఞాపకశక్తి. ఏ తేదీన, ఏ వీధిలో, ఏ దిక్కు నుంచి గుండు వచ్చిందో బోనులో నిలబడి చెప్పినవాళ్లు ఉండబట్టే అవి నిలబడ్డాయి. గుర్తుపెట్టుకోవడం కన్నీళ్ల వ్యవహారమని మనం అనుకుంటాం. అక్కడ అది సాక్ష్యం, అంటే తేదీ, చోటు, పేరు తప్పకుండా చెప్పగలగడం.

అంతే కచ్చితంగా గుర్తుపెట్టుకోవాల్సిన మరో జాబితా ఉంది. నేరం చేయనన్నవాళ్ల జాబితా. అదే ఊళ్లోని మ్యూజియంలో ఒక యూదు గ్రంథం ఉంది. యూదులు పాస్కా పండుగ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే హగ్గదా అది. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో, బంగారు పూతల బొమ్మలతో తయారైంది. 1492లో స్పెయిన్ నుంచి యూదులను వెళ్లగొట్టినప్పుడు దేశం దాటింది. 1609లో వెనిస్‌లో కాథలిక్ చర్చి తనిఖీదారు చదివి, అభ్యంతరం లేదని చివర సంతకం పెట్టి వదిలేశాడు. దాని పేజీల మీద ఇప్పటికీ ద్రాక్షసారా మరకలు ఉన్నాయి. ఏ ఇంట్లోనో పండుగ భోజనం మధ్యలో ఒలికిన గ్లాసు తాలూకు గుర్తులవి. 1942లో జర్మన్ సేనాని ఒకడు మ్యూజియానికి వచ్చి ఆ పుస్తకం ఇమ్మన్నాడు. గ్రంథపాలకుడు దెర్విష్ కోర్కుత్ ముస్లిం. మ్యూజియం డైరెక్టరు క్రోట్ కాథలిక్. ఇప్పుడే మీ అధికారి ఒకరు వచ్చి పట్టుకెళ్లారని ఇద్దరూ కలిసి నమ్మబలికారు. అప్పటికే పుస్తకం కోర్కుత్ కోటు కింద ఉంది. తర్వాత ఒక కొండ గ్రామంలోని మసీదులో దాన్ని దాచారని చెబుతారు.

ఆ రోజుల్లోనే కోర్కుత్, ఆయన భార్య సెర్వెత్ ఒక యూదు అమ్మాయికి ముస్లిం పేరు పెట్టి, పనిమనిషి అని చెప్పి తమ ఇంట్లో దాచారు. యుద్ధం ముగిశాక కమ్యూనిస్టు ప్రభుత్వం కోర్కుత్‌నే జైల్లో పెట్టింది. ఆ అమ్మాయి అప్పుడు సాక్ష్యం చెప్పలేకపోయింది. ఆ భారం మోస్తూనే ఆమె ముసలిదైంది. చివరికి జెరూసలేంలో యూదుల నరమేధం జ్ఞాపకాలను భద్రపరిచే యాద్ వాషెమ్ సంస్థకు జరిగిందంతా వివరంగా ఉత్తరం రాసింది. 1994లో ఆ సంస్థ ఆ దంపతులను యూదులను కాపాడిన పుణ్యాత్ముల జాబితాలో చేర్చింది. అప్పటికి కోర్కుత్ పోయి పాతికేళ్లు. ఆయన హగ్గదా కూడా అప్పుడు మరో యుద్ధం మధ్యలోనే ఉంది. 1992లో కాల్పుల మధ్యనే ఎన్వెర్ ఇమామొవిచ్ అనే మరో ముస్లిం దాన్ని మ్యూజియం నుంచి బ్యాంకు నేలమాళిగకు చేర్చాడు. 1999లో కొసొవో నుంచి జనాన్ని తరిమేస్తున్నప్పుడు ప్రిష్టినాలో ఉన్న కోర్కుత్ కూతురు, అల్లుడు శరణార్థుల గుంపులో పడ్డారు. తల్లిదండ్రుల పేరిట యాద్ వాషెమ్ ఇచ్చిన యోగ్యతాపత్రం నకలు వాళ్ల దగ్గర ఉంది. దాన్ని చూసిన స్థానిక యూదులు వాళ్లను ఇజ్రాయెల్ చేర్చారు. విమానాశ్రయంలో వాళ్లకు ఎదురొచ్చినవాడు, 1942లో వాళ్ల ఇంట్లో దాక్కున్న అమ్మాయి కొడుకు.

యాభై ఏళ్లు ఆలస్యంగా రాసిన ఉత్తరం ఇంకో యుద్ధంలో ఇంకొకరికి దారి అయింది. మంచి చేసినవాళ్ల పేర్లు రాసిపెట్టడం మర్యాద కోసమే అనుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

బోస్నియాలోని ట్రెబిన్యే పట్టణంలో 1993 జనవరిలో సెర్బ్ సైనికులు ఒక ముస్లిం యువకుణ్ణి పట్టుకుని కొడుతుంటే స్ర్జాన్ అలెక్సిచ్ అనే సెర్బ్ యువకుడు అడ్డం వెళ్లాడు. వాళ్లు అతణ్ణే చావగొట్టారు. కొన్ని రోజులకు చనిపోయాడు. కొడుకు మనిషిగా తన ధర్మం నెరవేరుస్తూ పోయాడని తండ్రి రాశాడు. ఈరోజు సారయేవోలోనూ, సెర్బియాలోని నొవీ సాద్‌లోనూ అతని పేరిట వీధులున్నాయి. రెండువైపులా గౌరవం దక్కిన పేర్లు ఆ యుద్ధంలో చాలా తక్కువ.

దూరం నుంచి యుద్ధం చూసేవాళ్లకూ ఈ లెక్క వర్తిస్తుంది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పులు సాగుతున్న రోజుల్లో హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద కొందరు దాడి చేశారు. దేశ విభజనలో సింధ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహి మార్కెట్‌లో పెట్టిన దుకాణం అది. పోగొట్టుకున్న ఊరిపేరు ఒక శరణార్థి తన దుకాణానికి పెట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ పేరే నేరమైంది. అంతకు కొద్ది వారాల ముందు పహల్గాంలో అమాయకులను చంపినవాళ్ల మీది కోపం న్యాయమైనదే. హంతకులు ఫలానా అని చెప్పలేనప్పుడు, చెప్పే ఓపిక లేనప్పుడు ఆ కోపం ఇలాగే కనబడ్డ పేరు మీద పడుతుంది. ఫోన్లలో రోజూ యుద్ధం చూస్తున్న మనం, ముఖ్యంగా తెలుగు వార్తా చానళ్లలో ఆ భాష తయారుచేస్తున్నవాళ్లం, ఈ విషయంలో జాగ్రత్త పడాలి.

బోస్నియాలో పిల్లల మీద ఈ భారం ఎలా పడుతోందో చూడాలంటే బడికి వెళ్లాలి. ఆ దేశంలో కొన్ని పట్టణాల్లో 'ఒకే కప్పు కింద రెండు బడులు' పద్ధతి ఉంది. ఒకే భవనంలో బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) పిల్లలు ఒకవైపు, క్రోట్ పిల్లలు మరోవైపు. చరిత్ర పుస్తకాలు కూడా వేరు. యయ్‌త్సే పట్టణంలో హైస్కూలును కూడా అలా జాతుల వారీగా విడదీయాలని అధికారులు తలపెడితే, అక్కడి విద్యార్థులు బోస్నియాక్‌లు, క్రోట్‌లు కలిసి వీధుల్లోకి వచ్చారు. తమకు వేరే బడి వద్దన్నారు. 2017లో అధికారులు వెనక్కి తగ్గారు. మరుసటి సంవత్సరం ఆ విద్యార్థులకు, జాతుల మధ్య సఖ్యతకు పాటుపడినవాళ్లకిచ్చే మాక్స్ వాన్ డెర్ స్టూల్ అవార్డు ఇచ్చారు. వాళ్లంతా యుద్ధం ముగిశాక పుట్టిన పిల్లలు. తాతలు, తండ్రులు చెప్పిన కథలు తప్ప వాళ్లకు యుద్ధం తెలియదు. ఆ కథల్లో ఎవరో ఒకరు పొరుగువాణ్ణి శత్రువుగా మాత్రమే చెప్పకుండా ఉండి ఉండాలి. మిగతా పట్టణాల్లో ఆ రెండు బడుల పద్ధతి ఇంకా పోలేదు. దాన్ని తీసేసే పని కూడా ఇలాంటి విద్యార్థులూ, వాళ్లకు అండగా నిలిచే ఉపాధ్యాయులూ ఊరూరా చేయాల్సిందే.